చెవితో పెట్టిన టైమింగ్, ఘాట్‌లో గలగల: పాత అంబాసిడర్‌కు ఇంట్లో టైమింగ్ చూసుకోవడం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. మీ నాన్నగారు వాడిన 1988 మోడల్ పెట్రోల్ అంబాసిడర్ రెండేళ్ళు షెడ్డులో నిలబడిపోయింది. మొన్న బయటికి తీసి రాజమండ్రిలో తెలిసిన మెకానిక్ చేత ట్యూనింగ్ చేయించారు. ఆయన లైటూ గేజీ ఏమీ లేకుండా, ఇంజిన్ ఆడుతుండగానే డిస్ట్రిబ్యూటర్‌ను (ప్లగ్గులకు వరసగా కరెంటు పంచే భాగం) అటూ ఇటూ తిప్పి, చప్పుడు వింటూ టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పు పడే వేళ, బిగించేశారు. ఇంటి ముందు బండి మెత్తగా ఆడుతోంది. మారేడుమిల్లి ఘాట్ ఎక్కుతుంటే మాత్రం ఇంజిన్‌లో గలగలమంటోంది. టైమింగ్ ఇంట్లో చూసుకుని సరిచేసుకోవచ్చా, అందుకు ఏమేం కావాలి అని అడిగారు.

చూసుకోవచ్చు. మీ బండికైతే నిక్షేపంగా చూసుకోవచ్చు. ఒక 12 వోల్టుల చిన్న బల్బు, రెండు మూరల వైరు, ఒక ఫీలర్ గేజ్ (సందులు కొలిచే సన్నటి ఉక్కు ఆకుల కట్ట), నాలుగు పానాలు, గంటన్నర ఓపిక చాలు. మీరు చెప్పినదాన్ని బట్టి టైమింగ్ అడ్వాన్స్ ఎక్కువైనట్టుంది, అంటే నిప్పు మరీ ముందుగా పడుతోంది. చెవితో పెట్టిన టైమింగ్ పదింట ఎనిమిదిసార్లు అటే పోతుంది. ఎందుకో కింద చెబుతాను. కానీ ఒక్క మాట ముందే చెప్పాలి. డిస్ట్రిబ్యూటర్ తిప్పే పని అన్నిటికన్నా ఆఖర్న పెట్టుకోండి. దాని లోపల కలుస్తూ విడిపోతూ నిప్పు పుట్టించే స్విచ్చులాంటివే పాయింట్లు, వాటి మధ్య సందే గ్యాప్. పాయింట్ గ్యాప్ చూడకుండా టైమింగ్ పెట్టడం, కాటా సరిచూడకుండా బంగారం తూచడం లాంటిది.

నేను విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు పెట్రోల్ కార్ల పని చేశాను. ఎక్కువగా అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినిలు, తరవాత మారుతి 800లు. అన్ని బళ్ళకీ ఒకే లెక్క నడవదు కాబట్టి అంబాసిడర్ మీదే చెబుతాను. మిగతావాటి గురించి చివర్లో రెండు ముక్కలు.

అసలు టైమింగ్ అంటే ఏమిటో ఒక్క నిమిషం. ప్లగ్గులో నిప్పురవ్వ పడగానే పెట్రోలు మొత్తం ఒక్కసారిగా అంటుకోదు. మంట సిలిండర్ అంతా పాకడానికి కొంత సమయం పడుతుంది. ఆ మంట వల్ల వచ్చే ఒత్తిడి, పిస్టన్ పైకి వెళ్ళి కిందికి దిగడం మొదలుపెట్టిన కాసేపటికి గట్టిగా తగలాలి. సైకిల్ తొక్కేటప్పుడు పెడల్ ఇంకా పైకి వస్తుండగానే కాలు వేసి నొక్కితే ఏమవుతుంది? మోకాలికి ఎదురు దెబ్బ. బాగా కిందికి పోయాక నొక్కితే? శ్రమే తప్ప సైకిల్ కదలదు. ఇంజిన్‌లోనూ అంతే. అందుకే పిస్టన్ పైకి చేరకముందే, కొన్ని డిగ్రీలు ముందుగా నిప్పు వేస్తారు. దాన్నే అడ్వాన్స్ అంటాం.

ఎన్ని డిగ్రీలు ముందన్నది ఇంజిన్ వేగాన్ని బట్టి మారుతుంది. నిమిషానికి 800 చుట్లు తిరిగేటప్పుడు ఒక మిల్లీసెకనులో క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) దాదాపు 5 డిగ్రీలు తిరుగుతుంది. అదే 3000 చుట్లకి వస్తే ఒక మిల్లీసెకనులో 18 డిగ్రీలు తిరిగిపోతుంది. మంట పాకే వేగం మాత్రం అంతగా మారదు. అందుకని వేగం పెరిగేకొద్దీ నిప్పు ఇంకా ముందుకు జరగాలి. ఈ పని డిస్ట్రిబ్యూటర్ లోపలున్న రెండు బరువులు, వాటి స్ప్రింగులు చూసుకుంటాయి. పక్కనున్న వాక్యూమ్ డబ్బా ఆక్సిలరేటర్ తేలిగ్గా తొక్కినప్పుడు ఇంకొంచెం కలుపుతుంది. మీరు చేత్తో పెట్టేది మొదటి మెట్టు మాత్రమే. దాని మీద ఈ రెండూ కలుస్తాయి. మొదటి మెట్టు తప్పితే మిగతావన్నీ అంతే తప్పుతాయి.

ఇప్పుడు చెవి సంగతి. ఐడిలింగ్‌లో, అంటే ఆక్సిలరేటర్ తొక్కకుండా, ఇంజిన్ ఆడుతుండగా డిస్ట్రిబ్యూటర్‌ను అడ్వాన్స్ వైపు తిప్పుతూ పోతే, ఇంజిన్ వేగం పెరుగుతూ చప్పుడు మెత్తబడుతుంది. వినడానికి హాయిగా ఉంటుంది. ఐడిలింగ్‌లో ఇంజిన్ మీద బరువుండదు కాబట్టి, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ అడ్వాన్స్‌ని కూడా అది ఇష్టంగానే తీసుకుంటుంది. అక్కడ బిగించేస్తే ఇంటి ముందు బ్రహ్మాండం. నలుగురు ఎక్కి, డిక్కీలో సామాను వేసుకుని, మూడో గేరులో ఘాట్ ఎక్కేటప్పుడు దాని అసలు రంగు బయటపడుతుంది. రేకు డబ్బాలో చిన్న మేకులు పోసి ఊపినట్టు గలగల. దాన్నే నాకింగ్ అంటారు. అలాగే నడిపితే పిస్టన్ తలకు గుంటలు పడతాయి, రింగులు విరుగుతాయి, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. కాబట్టి సరిచేసేదాకా ఘాట్ వైపు వెళ్ళకండి. తప్పనిసరై వెళ్తే గలగల వినగానే ఆక్సిలరేటర్ తగ్గించి కింది గేరు వేయండి.

చెవితో పెట్టేవాళ్ళంతా పని రానివాళ్ళని నా ఉద్దేశం కాదు. నాకు పని నేర్పిన మేస్త్రి చెవితోనే పెట్టేవాడు. కాకపోతే వేగం ఎక్కువైన చోట బిగించేవాడు కాదు. అక్కడినుంచి కాస్త వెనక్కి తెచ్చి, బండి వేసుకుని రోడ్డు మీద చూసొచ్చి, ఇంకో వెంట్రుకవాసి సరిచేసేవాడు. ఈ రెండో సగం చాలామంది నేర్చుకోలేదు.

ముందు డిస్ట్రిబ్యూటర్ మూత తీసి పాయింట్లు చూడండి. బ్యాటరీ నుంచి కాదు, ఇక్కడినుంచే మొదలుపెట్టండి. మూత లోపల సన్నటి నల్లగీతల్లాంటి పగుళ్ళున్నాయా, మధ్యలో కార్బన్ ముక్క ఉందా, రోటర్ (మూత కింద తిరిగే ముక్క) కొన కాలిపోయిందా చూడండి. రోటర్‌ను చేత్తో పట్టుకుని అపసవ్య దిశలో, అంటే గడియారం ముల్లుకి ఎదురుగా తిప్పితే కొంచెం కదిలి, వదలగానే స్ప్రింగులా వెనక్కి రావాలి. రాకపోతే లోపలి బరువులు తుప్పుపట్టి బిగుసుకున్నట్టు. రెండేళ్ళు షెడ్డులో ఉన్న బండికి ఇది చాలా మామూలు. రోటర్ తీసేస్తే కింద స్క్రూ తల కనిపిస్తుంది, దాని మీద రెండు చుక్కలు పల్చటి ఇంజిన్ ఆయిల్ వేయండి. బరువుల దగ్గరికి ఆయిల్ దిగడానికి బేస్ ప్లేటు పక్క సందులోంచి మరో రెండు చుక్కలు. పాయింట్ల మీద మాత్రం పడనివ్వకండి.

రోటర్ కూర్చునే కదురును అటూ ఇటూ పక్కలకి కదిపి చూడండి. స్పష్టంగా ఊగుతుంటే దాన్ని పట్టి ఉంచే బుష్ అరిగింది. బుష్ అరిగిన డిస్ట్రిబ్యూటర్‌లో గ్యాప్ ఒక్కో సిలిండర్‌కి ఒక్కోలా ఉంటుంది. దానికి మీరు ఎంత జాగ్రత్తగా టైమింగ్ పెట్టినా నిలవదు. లేత్ దగ్గర బుష్ మార్పించాలి, ఇంట్లో అయ్యే పని కాదు.

ఇప్పుడు గ్యాప్. ప్లగ్గులన్నీ విప్పేస్తే ఇంజిన్ తేలిగ్గా తిరుగుతుంది. అంబాసిడర్‌కి ముందునుంచి పెట్టి తిప్పే హ్యాండిల్ ఉంటుంది కదా, మీ డిక్కీలో ఎక్కడో పడి ఉంటుంది, వెతకండి. లేకపోతే సమతలం మీద టాప్ గేరులో వేసి బండిని మెల్లగా తోసినా ఇంజిన్ తిరుగుతుంది. కదురు మీదున్న నాలుగు మొనల ముక్క క్యామ్, దానికి రాసుకునేది పాయింట్ మడమ. ఆ మడమ క్యామ్ మొన మీదికి ఎక్కి, పాయింట్లు పూర్తిగా తెరుచుకున్న చోట ఆపండి. ఆ సందు 14 నుంచి 16 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు) మధ్య ఉండాలి, అంటే 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. నేను 15 ఆకు పెడతాను. ఆకు లోపలికి వెళ్ళి వస్తుంటే చేతికి సన్నగా పట్టు తగలాలి. ఎక్కువ బిగువుండకూడదు, వదులుగానూ ఉండకూడదు. రోడ్డు మీద ఆగిపోయినప్పుడు గేజ్ లేక విజిటింగ్ కార్డు ముక్క పెట్టి ఇంటికి చేరిన రోజులున్నాయి. అది ఇల్లు చేరడానికే, ట్యూనింగ్‌కి కాదు.

పాయింట్ల మీద ఒకవైపు గుంట, మరోవైపు బొడిపె కనిపిస్తే కొత్త సెట్ వేసేయండి, కండెన్సర్‌తో సహా. కొద్దిగా నల్లబడితే సన్నటి ఆకురాయితో ఒకసారి లాగి, పెట్రోలులో ముంచిన గుడ్డతో తుడవండి. ఎమరీ కాగితం వద్దు, దాని రజను సందులో ఇరుక్కుంటుంది. క్యామ్ మీద అగ్గిపుల్ల తలంత గ్రీజు రాయండి.

ఈ గ్రీజు సంగతి ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, ఒక మాస్టారి కారు గుర్తొస్తోంది. నెలలో మూడు షెడ్లు తిరిగాడు. పికప్ లేదని వెళ్తే ప్రతిచోటా డిస్ట్రిబ్యూటర్ కాస్త తిప్పి పంపేవారు. వారం బాగుండేది, మళ్ళీ మామూలే. నా దగ్గరికి వచ్చినప్పుడు మూత తీస్తే క్యామ్ ఎండిపోయి మెరుస్తోంది. గ్రీజు లేక పాయింట్ మడమ అరుగుతోంది. మడమ అరిగితే గ్యాప్ తగ్గుతుంది, గ్యాప్ తగ్గితే పాయింట్ ఆలస్యంగా తెరుచుకుంటుంది, నిప్పు ఆలస్యమవుతుంది. అంటే దానంతటదే టైమింగ్ రిటార్డ్ అవుతోంది. వీళ్ళు దాన్ని డిస్ట్రిబ్యూటర్ తిప్పి కప్పిపుచ్చుతున్నారు. కొత్త పాయింట్లు, చిటికెడు గ్రీజు, అంతే. గ్యాప్ పెరిగితే దీనికి ఎదురు, టైమింగ్ అడ్వాన్స్ అవుతుంది. అందుకే గ్యాప్ ముందు, టైమింగ్ తరవాత. టైమింగ్ పెట్టాక మళ్ళీ గ్యాప్ ముట్టుకుంటే పెట్టిన టైమింగ్ చెడినట్టే.

వాక్యూమ్ పైపు కూడా ఇప్పుడే చూడండి. కార్బురేటర్ వైపు కొస ఊడదీసి నోటితో పీల్చండి. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లున్న ప్లేటు కొంచెం కదలాలి, నాలుకతో మూసి ఉంచితే అలాగే నిలవాలి. గాలి వచ్చేస్తుంటే డబ్బా లోపలి పొర, అంటే డయాఫ్రమ్, చిరిగింది. బండి నడుస్తుంది కానీ మైలేజీ పోతుంది.

ఇక టైమింగ్. ముందుగా ఇప్పుడున్న చోటు గుర్తుపెట్టుకోండి. డిస్ట్రిబ్యూటర్ ఒంటికీ, కింద అది కూర్చున్న క్లాంప్‌కీ కలిపి సన్నగా ఒక గీత గీయండి, లేదా తెల్ల పెయింట్ చుక్క పెట్టండి. పని చెడితే మళ్ళీ ఇక్కడికే వచ్చి మొదలుపెట్టొచ్చు. ఫోనులో ఫొటో కూడా తీసుకోండి. మా రోజుల్లో ఆ సుఖం లేదు.

ఒకటో సిలిండర్ రేడియేటర్ వైపుది. దాని ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు మూసి, ఇంకొకరిని హ్యాండిల్‌తో ఇంజిన్‌ను సవ్యంగా, అంటే గడియారం ముల్లు తిరిగే వైపు, తిప్పమనండి. గాలి వేలిని బయటికి తోస్తున్నప్పుడు పిస్టన్ కంప్రెషన్‌లో పైకి వస్తున్నట్టు. అప్పుడు మెల్లగా తిప్పుతూ క్రాంక్ పుల్లీ అంచున ఉన్న గాటును టైమింగ్ కవర్ మీదున్న ముళ్ళ దగ్గరికి తీసుకురండి. ముళ్ళలో అన్నిటికన్నా పొడవైనది పిస్టన్ పూర్తిగా పైనున్న చోటు, అంటే టీడీసీ. మిగతా రెండూ 5 డిగ్రీలు, 10 డిగ్రీలు ముందు. ఇవి పుల్లీకి కింది భాగంలో ఉండడం వల్ల కిందికి పడుకుని టార్చి వేసి చూడాల్సి వస్తుంది. కిరోసిన్ గుడ్డతో తుడిచి, గాటులో తెల్ల సుద్ద రుద్దండి. జాకీ మీద లేపిన బండి కిందికి మాత్రం దూరకండి. ఈ పనికి జాకీ అక్కర్లేదు, గొయ్యి గానీ ర్యాంపు గానీ ఉంటే మంచిదే.

ఇంకో మాట. ఈ ఇంజిన్‌కు ప్లగ్గులు పక్కనుంచి వాలుగా ఉంటాయి. అందులోంచి స్క్రూడ్రైవరో ఊచో పెట్టి పిస్టన్ పైకి వచ్చిందా అని చూడకండి. పిస్టన్ పైకి వచ్చేటప్పుడు అది ఇరుక్కుని లోపల గీస్తుంది.

1.5 లీటర్ పెట్రోల్ అంబాసిడర్లకు నేను 5 డిగ్రీలు ముందు నుంచి మొదలుపెడతాను. మీ నాన్నగారు దాచిన మాన్యువల్ ఉంటే అందులోని అంకే ప్రమాణం, దాన్నే పెట్టండి. గాటు 5 డిగ్రీల ముల్లుకు ఎదురుగా ఉండాలి. దాటిపోతే అక్కడే వెనక్కి తిప్పి ఆపొద్దు. పావు చుట్టు వెనక్కి వెళ్ళి మళ్ళీ ముందుకు రండి. టైమింగ్ చెయిన్‌లో ఉండే వదులు వల్ల వెనక్కి తిప్పి ఆపితే లెక్క తప్పుతుంది.

ఈ స్థితిలో రోటర్ ఎటు చూస్తోందో చూడండి. మూతలో ఒకటో ప్లగ్గు వైరు ఉన్న చోటికి చూస్తుండాలి. ఎదురుగా నాలుగో వైరు వైపు చూస్తుంటే, మీరు ఒక చుట్టు తేడాగా ఉన్నారు. ఇంకో పూర్తి చుట్టు తిప్పండి. ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లలో నిప్పు పడే వరస, 1-3-4-2, రోటర్ తిరిగేది అపసవ్యంగా.

ఇక్కడ నా మొదటి ఏడాది ఘనకార్యం చెప్పాలి. డిస్ట్రిబ్యూటర్ విప్పి శుభ్రం చేసి మళ్ళీ బిగించాను. పుల్లీ గాటు సరిగ్గా ఉందని చూశాను గానీ, అది ఏ చుట్టులోనో చూడలేదు. వైర్లు తీసిన వరసలోనే పెట్టాను. సెల్ఫ్ కొట్టమని చెప్పి, ఎయిర్ క్లీనర్ తీసిన కార్బురేటర్ మీదికి వంగి చూస్తున్నాను. ఢామ్మని పేలి మంట పైకొచ్చింది. కనుబొమలు మళ్ళీ రావడానికి నెలన్నర పట్టింది. మేస్త్రి తిట్టలేదు, అద్దం తెచ్చి ఇచ్చాడు. కార్బురేటర్‌లో పేలుడు, సైలెన్సర్‌లో పేలుడు వింటే ముందు వైర్ల వరస, ఆ తరవాత ఈ ఒక చుట్టు తేడా చూడండి.

బల్బు పెట్టడం ఇలా. బల్బుకున్న ఒక వైరును డిస్ట్రిబ్యూటర్ పక్కన, కాయిల్ (ప్లగ్గులకు హై వోల్టేజి ఇచ్చే డబ్బా) నుంచి సన్న వైరు వచ్చి కలిసే టెర్మినల్‌కు పెట్టండి. రెండోది ఇంజిన్ ఒంటికి, పెయింట్ లేని శుభ్రమైన బోల్టుకు. కాయిల్ మధ్యనుంచి వచ్చే లావు వైరును మూతలోంచి పీకి, కొస ఇంజిన్ ఒంటికి తగిలేలా పెట్టండి. ఇది మర్చిపోవద్దు. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా హ్యాండిల్ తిప్పితే ఇంజిన్ అంటుకుని హ్యాండిల్ వెనక్కి కొట్టొచ్చు. మణికట్టు విరిగినవాళ్ళను చూశాను. హ్యాండిల్ పట్టుకునేటప్పుడు బొటనవేలు కూడా మిగతా వేళ్ళ వైపే ఉంచి, కిందినుంచి పైకి లాగడమే తప్ప పైనుంచి కిందికి నొక్కొద్దు.

ఇగ్నిషన్ ఆన్ చేయండి. పాయింట్లు కలిసి ఉన్నంతసేపు కరెంటు వాటిగుండా పోతుంది, బల్బు వెలగదు. విడిపోయిన క్షణంలో బల్బు వెలుగుతుంది. ప్లగ్గులో నిప్పు పడేది కూడా సరిగ్గా ఆ క్షణంలోనే. అంటే గాటు 5 డిగ్రీల ముల్లు దగ్గరికి వచ్చినప్పుడే బల్బు వెలగాలి. ముందుగా సర్దకుండా, ఇప్పుడున్నది ఎంతో చూడండి. పావు చుట్టు వెనక్కి వెళ్ళి మెల్లగా ముందుకు వస్తూ, బల్బు వెలిగినచోట ఆపి గాటు ఎక్కడుందో చూడండి. 10 డిగ్రీల ముల్లుకు కూడా చేరకముందే వెలిగిందంటే నా అనుమానం నిజమే, మీ బండి బాగా అడ్వాన్స్‌లో ఉంది. ఈ అంకెను ఒక కాగితం మీద రాసుకోండి.

సరిచేయడానికి గాటును 5 డిగ్రీల దగ్గర నిలిపి, డిస్ట్రిబ్యూటర్ కింది క్లాంప్ బోల్టు కాస్త వదులు చేయండి, చేత్తో బిగువుగా తిరిగేంత మాత్రమే. వదులు చేసే ముందు వాక్యూమ్ డబ్బా దగ్గరున్న గరుకు చక్రాన్ని చూడండి, దాని దగ్గర ఏ అనీ ఆర్ అనీ ఉంటుంది. ఆ స్క్రూ స్కేలును మధ్యకు తెచ్చి పెట్టుకోండి. ఇప్పుడు డిస్ట్రిబ్యూటర్ ఒంటిని అపసవ్యంగా తిప్పితే బల్బు ఆరుతుంది. అక్కడినుంచి వెంట్రుకవాసి చొప్పున సవ్యంగా తెస్తూ, బల్బు వెలిగిన క్షణంలో ఆగి బోల్టు బిగించండి. బిగించేటప్పుడు కదిలిపోతుంది, అందుకే మళ్ళీ పావు చుట్టు వెనక్కి వెళ్ళి వచ్చి ఇంకోసారి చూడండి. నేను మూడుసార్లు చూస్తాను. గుర్తుంచుకోవలసింది: రోటర్ తిరిగే వైపే ఒంటిని తిప్పితే రిటార్డ్, దానికి ఎదురు తిప్పితే అడ్వాన్స్.

ఇగ్నిషన్ ఆన్‌లో పెట్టి టీ తాగడానికి వెళ్ళకండి. పాయింట్లు కలిసి ఉంటే కాయిల్ వేడెక్కి పోతుంది. రెండు మూడు నిమిషాల్లో పని ఆపి, ఆఫ్ చేసి, మళ్ళీ మొదలుపెట్టండి.

టైమింగ్ లైటు ఉన్నవాళ్ళు ఇంజిన్ నడుస్తుండగా కూడా సరిచూసుకోవచ్చు. క్లిప్పు ఒకటో ప్లగ్గు వైరుకు పెట్టి, వాక్యూమ్ పైపు ఊడదీసి కొసను మూసి, ఐడిలింగ్‌లో చూడాలి. పైపు మూయడం మరిచిపోతే గాలి లోపలికి లాగి ఐడిలింగ్ చెడుతుంది, అంకె తప్పు చూపిస్తుంది. లైటులో కనిపించే అంకె బల్బుతో పెట్టిన దానికన్నా కొన్ని డిగ్రీలు ఎక్కువ ఉండొచ్చు, బరువులు అప్పటికే కొంచెం విచ్చుకోవడం మొదలుపెడతాయి కాబట్టి. అది తప్పు కాదు. వేగం పెంచుతుంటే గాటు మెల్లగా, ఒకే ధారగా అడ్వాన్స్ వైపు జరగాలి. అటూ ఇటూ వణుకుతుంటే బుష్ గానీ చెయిన్ గానీ అరిగినట్టు. కదలకుండా ఒకేచోట ఉంటే బరువులు బిగుసుకున్నాయి.

లైటు వాడేవాళ్ళకు ఒక హెచ్చరిక. ఆ మెరుపుల్లో తిరుగుతున్న ఫ్యాన్ కూడా ఆగిపోయినట్టో, మెల్లగా తిరుగుతున్నట్టో కనిపించొచ్చు. ఆగిందనుకుని చెయ్యి పెట్టినవాళ్ళున్నారు. మెడలో తువ్వాలు, వదులు చొక్కా చేతులు, లుంగీ, ఇవేవీ బానెట్ దగ్గర వద్దు. పిల్లల్ని దూరంగా పెట్టండి.

టైమింగ్ వెనక్కి తెచ్చాక ఐడిలింగ్ తగ్గుతుంది. భయపడకండి, అది తగ్గాల్సిందే. కార్బురేటర్ స్క్రూతో ఐడిలింగ్ సరిచేసుకోండి. చాలామంది ఇక్కడే కంగారుపడి మళ్ళీ డిస్ట్రిబ్యూటర్ తిప్పేస్తారు, కథ మొదటికొస్తుంది.

తరవాత రోడ్డు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక, ఖాళీ రోడ్డు మీద టాప్ గేరులో గంటకు 40 కిలోమీటర్ల దగ్గర నుంచి ఆక్సిలరేటర్ పూర్తిగా తొక్కండి. ఫ్లైఓవర్ ఎక్కుతూ చూస్తే ఇంకా మంచిది, బరువు పడుతుంది. పాతవాళ్ళు సన్నగా చిటపట వచ్చి వెంటనే పోవాలి, అదే సరైన టైమింగ్ అనేవారు. నా అభిప్రాయం వేరు. వయసు మీదపడిన ఇంజిన్‌కు ఆ చిటపట కూడా లేకుండా పెట్టడం మంచిది, పికప్ కాస్త తగ్గినా సరే. ఇంకా గలగల వస్తే ఆ గరుకు చక్రాన్ని ఆర్ వైపు తిప్పండి. ఆ స్కేలు మీద ఒక గీత దాదాపు 5 డిగ్రీలు, చక్రం 11 క్లిక్కులు అంటే సుమారు ఒక డిగ్రీ. పదకొండు క్లిక్కులు తిప్పి మళ్ళీ రోడ్డు మీద చూడండి, అంతకు మించి ఒకేసారి వద్దు. క్లాంప్ బోల్టు ముట్టుకోవలసిన పని లేకుండా ఇంత సన్నగా సర్దుకోవడానికే దాన్ని పెట్టారు. మన షెడ్లలో సగం మంది దాన్ని ఎన్నడూ వాడకపోవడంతో చాలా బళ్ళలో తుప్పుపట్టి ఉంటుంది. అలా ఉంటే ఆయిల్ వేసి ఒక రాత్రి వదిలేయండి, కటింగ్ ప్లేయరుతో మెలిపెట్టకండి.

రెండో వైపు తప్పు కూడా చెప్పాలి, ఎందుకంటే గలగలకు భయపడి కొందరు మరీ రిటార్డ్ చేసేస్తారు. అప్పుడు గలగల పోతుంది, బండి కూడా లాగదు. సిలిండర్‌లో కాలాల్సింది సైలెన్సర్ వైపు కాలుతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ విపరీతంగా వేడెక్కుతుంది, రేడియేటర్ మరుగుతుంది, పెట్రోలు తాగుతుంది, ఆక్సిలరేటర్ వదిలితే సైలెన్సర్‌లో పటపటమంటుంది. ఎండాకాలం మధ్యాహ్నం బండి మరుగుతోందని వచ్చినవాళ్ళలో కొందరికి రేడియేటర్‌లో ఏ దోషమూ ఉండేది కాదు.

టైమింగ్ సరిగ్గా ఉన్నా గలగల పోకపోతే? అప్పుడు టైమింగ్ దోషి కాదు. రెండేళ్ళు ట్యాంకులో ఉన్న పెట్రోలు మొత్తం తీసేశారా? పాత పెట్రోలులో తేలిక భాగం ఆవిరైపోయి ఉంటుంది, స్టార్టింగ్ సరిగ్గా ఉండదు, తెట్టు కార్బురేటర్ జెట్‌లో పడుతుంది. జెట్ సగం మూసుకుంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అయి వేడెక్కి గలగలమంటుంది. ఈనాటి పెట్రోలులో ఇథనాల్ ఎక్కువ కలుస్తోంది. ఇథనాల్ ఆక్టేన్ (నాకింగ్‌ను తట్టుకునే గుణం) ఎక్కువది, అందుకని నాకింగ్ విషయంలో అది శత్రువు కాదు. కానీ మిశ్రమాన్ని పలచన చేస్తుంది, పాత రబ్బరు పైపుల్ని, పంపు డయాఫ్రమ్‌ను మెత్తబరుస్తుంది. పెట్రోలు పైపులు మార్పించడం మంచిది. హెడ్‌లో మసి పేరుకున్నా, తప్పు నెంబరు ప్లగ్గు వేసినా, థర్మోస్టాట్ ఇరుక్కుని ఇంజిన్ వేడిగా ఉన్నా ఇదే చప్పుడు వస్తుంది. ఇగ్నిషన్ ఆఫ్ చేసినా ఇంజిన్ కాసేపు గుర్రుమంటూ ఆడుతుంటే మసి, ప్లగ్గులవైపు చూడండి.

మిగతా బళ్ళు ఉన్నవాళ్ళకు. పద్మినిది ఇదే పద్ధతి, నాలుగు సిలిండర్ల పాయింట్ల బండే, గుర్తుల చోటు, అంకెలు వేరు. కార్బురేటర్ ఉన్న మారుతి 800కి మూడు సిలిండర్లు, ఫైరింగ్ ఆర్డర్ 1-3-2, డిస్ట్రిబ్యూటర్ హెడ్ చివర ఉంటుంది. పాయింట్లున్నవీ ఎలక్ట్రానిక్‌వీ రెండూ వచ్చాయి. పాయింట్లు లేనిదానికి బల్బు పద్ధతి వాడకండి, లైటుతోనే చూడాలి. ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు ఇంజెక్టర్లున్న) బళ్ళలో టైమింగ్‌ను ఈసీఎం అనే కంప్యూటర్ నిమిష నిమిషానికి లెక్కకట్టి పెడుతుంది. ఇవాళ్టి కార్లలో డిస్ట్రిబ్యూటరే ఉండదు, మీరు తిప్పడానికి అక్కడ ఏమీ లేదు. అలాంటి కారు గలగలమంటే స్కానర్ పెట్టించి నాకింగ్‌ను పసిగట్టే నాక్ సెన్సర్ సంగతి చూడమనండి. టైమింగ్ బెల్టు మార్చడం వేరే విషయం, పేరు ఒకటే. అది ఒక పన్ను తప్పితే కొన్ని ఇంజిన్లలో వాల్వులు పిస్టన్‌కు తగిలి వంగిపోతాయి. మొదటిసారి ఇంట్లో ప్రయత్నించే పని కాదు. డీజిల్ అంబాసిడర్ ఉన్నవాళ్ళు పంపు జోలికి వెళ్ళకండి, దాని టైమింగ్‌కి పంపు షెడ్డే సరైన చోటు.

మీరు ముందు గ్యాప్ చూసి, బల్బు వెలిగినప్పుడు గాటు ఏ ముల్లు దగ్గరుందో, రోటర్ స్ప్రింగులా వెనక్కి వచ్చిందో లేదో, ఈ మూడూ రాయండి. మారేడుమిల్లి సంగతి ఆ తరవాత చూద్దాం.